గవ్వ కంటి మీది గాలి

గుర్రం కంట్లోకి ఒక్కసారి చూస్తే చాలు, దాని కడుపులో ఏముందో, మనసులో ఏముందో, ఆ పూట ఎవరిని తన్నబోతోందో చెప్పేయగల మనిషి మా వీధి మొత్తానికీ ఒక్కడే ఉన్నాడు. వాడు ఈ కథ చెబుతున్నవాడే. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. నేర్పడానికి వచ్చినవాళ్ళకి నేనే నాలుగు ముక్కలు చెప్పి పంపించాను. ఒకసారి పందెపు గుర్రం ఒకటి నాతో చూపు కలపలేక గడ్డిలో మూతి దాచుకుంది. దాని ఆలోచన నేను పసిగట్టేశానని దానికి తెలిసిపోయింది మరి. నమ్మనివాళ్ళు నమ్మకపోనివ్వండి. గుర్రం నమ్మింది, నాకది చాలు.

నా పక్కింట్లో బండాయన ఉంటాడు. కూరగాయల మార్కెట్ నుంచి దుకాణాలకు గుర్రపుబండి మీద బస్తాలు చేరవేయడం ఆయన పని. ఆ గుర్రం పేరు గవ్వ. గోధుమరంగు ఆడగుర్రం, నుదుటి మీద గవ్వ బోర్లించినట్టు తెల్లటి మచ్చ. ఆ పేరు పెట్టింది ఆయన మేనకోడలు, రెండు జడలు వేసుకుని బడికి పోయే రోజుల్లో. ఇప్పుడా పిల్ల పశువైద్య కళాశాలలో చివరి ఏడాది చదువుతోంది. ఇంకా డాక్టరు కాలేదు కాబట్టి వీధిలో అందరం ‘పిల్ల డాక్టరు’ అంటాం. ఆమె వినీ విననట్టు పోతుంది గానీ, ఎవరూ అలా పిలవని రోజున కాస్త వెలితిగా ఉంటుందని నా అనుమానం.

ఆ రోజు ఉదయం పిల్ల డాక్టరు కళాశాల ఆసుపత్రిలో కుక్కల గదిలో ఉంది. మధ్యాహ్నం గవ్వకి ప్రాణం తీసే ఆఖరి ఇంజెక్షన్ ఇవ్వబోతున్నారు. ఆ సంగతి తలుచుకోకుండా ఉండాలని, ఎవరూ అడగకుండానే కింది తరగతి వాళ్ళకి కంటి పరీక్ష చూపించే పని నెత్తిన వేసుకుంది.

బల్ల మీద దివాను కూర్చుని ఉన్నాడు. దివాను అంటే ఆసుపత్రి కుక్క. ముసలివాడు, రెండు కళ్ళకీ చూపు పోయి చాలా కాలమైంది. అయినా ఎవరి జేబులో బిస్కెట్టు ఉందో వాళ్ళు గుమ్మం దాటకముందే చెప్పగలడు.

“కొట్టబోయినట్టు చెయ్యి కంటి మీదకి తేవాలి,” అంది ఆమె. “చూపున్న జంతువు రెప్ప వేస్తుంది. ఇది పుట్టుకతో వచ్చేది కాదు, బతుకుతూ నేర్చుకునేది. అందుకే పసికూనల్లో కనబడదు. దివానుకి చూపు లేదు కాబట్టి వేయడు. ఎవరైనా చెయ్యండి.”

వెనక నిలబడ్డ పొడుగాటి కుర్రాడు ముందుకొచ్చి, ఈగని తోలినట్టు అరచెయ్యి మొత్తం విసిరాడు.

దివాను టపీమని రెప్ప వేశాడు.

“అక్కా, మీ దివాను దొంగ. ఇన్నాళ్ళూ గుడ్డివాణ్ణని చెప్పి బిస్కెట్లు మేశాడు,” అన్నాడు పొడుగాయన. గది గొల్లుమంది.

ఆమె కూడా నవ్వింది. “దొంగ వాడు కాదురా, నీ అరచెయ్యి. విసనకర్రలా విసిరావు. గాలి కంటికి తగిలింది. కంటిగుడ్డుకి ఉన్నంత స్పర్శ ఒంట్లో ఇంకెక్కడా ఉండదు. కంటి చుట్టూ ఈ పొడుగు వెంట్రుకలున్నాయి చూశావా, వీటికి గాలి తగిలినా చాలు. వాడు చూసి రెప్ప వేయలేదు, తగిలి వేశాడు. అందుకే ఒక్క వేలితో నెమ్మదిగా చేయాలి, లేదంటే మధ్యలో…”

మధ్యలో అద్దం పెట్టాలి అనబోయి, తన అరచేతి వంక చూసుకుంది.

నిన్న ఆమె గవ్వకి చేసింది ఇదే పరీక్ష. అద్దం పెట్టలేదు. వేలితో చేయలేదు. గుర్రం కరుస్తుందన్న భయంతో నడుమెత్తు తలుపు ఇవతలే నిలబడి, చేతికందినంత మేర అరచెయ్యి విసిరింది, అచ్చం ఈ కుర్రాడిలాగే. గవ్వ రెప్ప వేసి తల వెనక్కి లాక్కుంది. “చూపుంది సార్,” అని ఆమె చెప్పేసింది.

గవ్వ ఆసుపత్రికి ఎందుకు వచ్చిందో చెప్పలేదు కదూ. ఆమధ్య వాలు రోడ్డు మీద లారీ టైరు పేలింది. గవ్వ బెదిరి ముందుకాళ్ళ మీద లేచి, వెనక్కి విరుచుకుపడింది. తల వెనక భాగం రోడ్డుకి కొట్టుకుంది. బండాయన బండి కొయ్య కింద పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. గవ్వ మాత్రం లేచి ఒళ్ళు దులుపుకుంది. గాయం లేదు, వాపు లేదు, కుంటు లేదు. ఆ రోజు నుంచి దగ్గరికి ఎవరొచ్చినా కరవడం, తన్నడం. మేత వేయబోయిన ఇంటావిడ భుజం కొరికింది. పెరట్లో ఆడుకునే పిల్లల్ని లోపలే కట్టడి చేయాల్సి వచ్చింది. ఆసుపత్రికి తెస్తే అక్కడి పెద్ద డాక్టరు, అందరూ పెద్ద సారు అనే ఆయన, దగ్గరికి పోయే వీల్లేక తలుపు ఇవతలి నుంచే అన్నీ చూశారు. జ్వరం లక్షణాలు లేవు, మేత బాగానే నములుతోంది, కాళ్ళు గట్టిగా ఉన్నాయి. కళ్ళు అద్దాల్లా మెరుస్తున్నాయి. తేలాల్సింది చూపు సంగతొక్కటే. అదీ ఉందని పిల్ల డాక్టరు చెప్పాక, ఇక అందరూ అనుకున్నది ఒకటే: గుర్రం బుద్ధి చెడింది, ఇది ఎవరో ఒకరి ప్రాణం తీస్తుంది. బండాయన తల దించుకుని, మీ ఇష్టం సార్ అన్నాడు.

ఆమె దివానుని పొడుగాయన చేతుల్లో పెట్టేసి పరుగెత్తింది. వరండాలో మందుల బీరువా కనబడింది. దాని జరుపు అద్దం ఒకటి వదులుగా ఉంటుందని అందరికీ తెలుసు. దాన్ని ఊడబీకి చంకన పెట్టుకుంది. “ఏమమ్మా, అద్దంతో ఎక్కడికి?” అని మందులాయన అరుస్తూనే ఉన్నాడు. గడ్డి కొట్టు దాటింది, పశువుల్ని కడిగే గచ్చు మీద కాలు జారి నిలదొక్కుకుంది, గుర్రపుశాల చేరేసరికి ఊపిరి అందడం లేదు.

ఇంకా టైముందనుకుంది. లేదు. పెద్ద సారుకి మధ్యాహ్నం వేరే పని పడి, ముందుకు జరిపారు. ఆయన చేతిలో సిరంజీ అప్పటికే నిండి ఉంది. పక్కన శాల కాపలా మనిషి తాడు పట్టుకుని నిలబడ్డాడు. గోడకి ఆనుకుని ఆమె మామయ్య, బండాయన.

శాలంతా పిన్ డ్రాప్ సైలెన్స్. పొగరు గుర్రం దగ్గర ఎవరూ నోరెత్తకూడదని, చెప్పులు విప్పి పిల్లిలా నడవాలని పెద్ద సారు నియమం. మసక వెలుతురులో గవ్వ తలుపు పక్క మూలకి నక్కి, కళ్ళింత చేసుకుని, చెవులు వెనక్కి అతికించుకుని నిలబడి ఉంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

“సార్, ఆగండి. నిన్న నేను తప్పు చెప్పాను,” అంది ఆమె. “దీనికి చూపుందో లేదో నాకు తెలియదు.”

పెద్ద సారు గొంతు పెంచలేదు. “నిన్న ఉందన్నావు. ఇవాళ తెలియదంటున్నావు. సాయంత్రానికి ఏమంటావు?”

“గాలి తగిలించాను సార్. అరచెయ్యి విసిరాను.”

ఆయన ఆమె వంక, ఆమె చంకలోని అద్దం వంక చూశారు. ఆ అద్దం ఎక్కడిదో ఆయనకి తెలిసినట్టే ఉంది. “మందులాయన నిన్ను ఊరికే వదిలాడా?”

“వదల్లేదు. వస్తున్నాడు.”

“సరే, కానీ. తలుపు ఇవతలి నుంచే.”

ఆమె తలుపు మీద నుంచి వంగి, గవ్వ కంటికీ తన చేతికీ మధ్య అద్దం నిలిపింది. అద్దం వెనక నుంచి చెయ్యి కొట్టబోయినట్టు తెచ్చింది. రెప్ప కదలలేదు. మళ్ళీ తెచ్చింది. గవ్వ కన్ను అద్దంలోకి, అద్దం దాటి, ఆమెను దాటి, ఎటో చూస్తూ ఉండిపోయింది.

“చూశారా సార్.”

“చూశాను. చాలదు,” అన్నారు ఆయన. “భయంతో బిగుసుకుపోయిన గుర్రం చూపున్నా రెప్ప వేయదు. టార్చి వేసి కనుపాప చూడాలి. మత్తిచ్చి పడుకోబెడదామంటే, సూది పట్టుకుని దగ్గరికి పోయిన మనిషి తొడ ఏమైందో నిన్న చూశావుగా. ఈ ఇంజెక్షన్‌కైతే బయటి నుంచి మెడకి తాడు బిగించి లాగుదామనుకున్నాం, బతకాల్సిన గుర్రానికి అలా చేస్తే మెడ విరుగుతుంది. నేను ఇంకెవరినీ లోపలికి పంపను.”

“నేను వెళ్తాను.”

“అమ్మడూ, వద్దు,” అన్నాడు మామయ్య. ఆ రెండు మాటలకే పక్కటెముకలు పట్టేసి, గుడ్డ కట్టిన డొక్కని చేత్తో నొక్కుకున్నాడు. “అది ఇప్పుడు మన గవ్వ కాదే. నన్నే పోల్చుకోలేదు. నువ్వెంత.”

ఆమె ఆయన వంక చూసింది. బండి కట్టింది మొదలు విప్పేదాకా గవ్వని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతూ పోయే మనిషి. ఆ తిట్లు వినబడితే చాలు, వీధిలో ఆడవాళ్ళు కూరగాయల సంచులు పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళు. పడ్డ రోజు నుంచి గట్టిగా ఊపిరి తీసుకోలేక, సైగలతో, గుసగుసలతో బతుకుతున్నాడు. ఇంట్లో, పెరట్లో, ఇక్కడ శాలలో, గవ్వ చుట్టూ ఇన్నాళ్ళూ ఒక్క గొంతు లేదు. అందరూ పిల్లి అడుగులే.

చూపున్న గుర్రానికి చప్పుడు లేని మనిషి మర్యాదస్తుడు. చూపు లేని గుర్రానికి వాడే దొంగ.

ఆమె అద్దాన్ని గోడకి ఆనించి తలుపు గడియ తీసింది. ఈసారి చెప్పులు విప్పలేదు. గచ్చు మీద టకటకమని అడుగు వేసి, మాట్లాడడం మొదలుపెట్టింది. ఏం మాట్లాడాలో తోచలేదు. నోటికి వచ్చినది ఒక్కటే, వచ్చే వారం పరీక్షకి బట్టీ పట్టిన పాఠం.

“గవ్వా, నేనే, వస్తున్నాను. గుర్రానికి కళ్ళు తలకి అటూ ఇటూ ఉంటాయి. దాదాపు చుట్టూ కనిపిస్తుంది. నుదుటికి సరిగ్గా ముందర కొంచెం, తోక వెనక కొంచెం కనిపించదు. అందుకని నేను నీ భుజం వైపు నుంచి వస్తున్నాను. చెవులు దేనికది విడిగా తిరుగుతాయి. ఒకటి ముందుకి పెట్టి, ఒకటి వెనక్కి పెట్టి, రెండు దిక్కుల మాటా ఒకేసారి వినగలదు…”

వెనక్కి అతుక్కున్న ఎడమ చెవి లేచింది. అటూ ఇటూ తడుముకున్నట్టు కదిలి, ఆమె వైపు నిలిచింది.

“ఆఁ, అదే చెవి. నా వైపే. మూతి మీద పొడుగు వెంట్రుకల మొదట్లో నరాల చుట్టలుంటాయి. మూతి కింద ఏముందో గుర్రం తన కంటితో చూడలేదు, తొట్టి అంచు ఎక్కడుందో ఆ మీసాలే చెబుతాయి. ఇదిగో నా చెయ్యి. వాసన చూసుకో.”

గవ్వ మూతి ఆమె చేతిని తాకింది. పళ్ళు బయటపడ్డాయి. గవ్వ పైపెదవి ఎత్తి, మెడ చాచి, అలాగే ఆగింది.

“నోటి పైకప్పు వెనక రెండో ముక్కు లాంటిది ఒకటుంది,” అంది ఆమె, ఆపకుండా. “పెదవి ఎత్తి వాసనని అక్కడికి పంపుతుంది. పంపు తల్లీ, బాగా పంపు, కుక్క వాసన కూడా వస్తుంది, అది దివానుది.”

చెయ్యి మూతి నుంచి దవడకి, దవడ నుంచి మెడకి జరిగింది. ఎక్కడా తీయలేదు. గవ్వ ఒళ్ళంతా వణుకు పుట్టి భుజం మీద ఆగిపోయింది. ఆమె రెండో చేత్తో జేబులోని టార్చి తీసి, వెలిగించి కంట్లోకి వేసింది.

గుర్రం కనుపాప అడ్డంగా కోలగా ఉంటుంది. వెలుగు పడితే సన్నగా గీతలా మూసుకోవాలి. గవ్వ కనుపాప మూసుకోలేదు. నిండు బావిలా అలాగే తెరుచుకుని ఉంది. రెండో కన్నూ అంతే.

కళ్ళింత చేసుకుని చూస్తోందని వీధిలో అందరూ అన్నది దీన్నే. ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. ఆ ‘అందరూ’లో నేనూ ఉన్నాను. అసలు మొదట అన్నదే నేను. పెరటి గోడ మీద నుంచి తొంగి చూసి, “ఆ కళ్ళు చూడండి, మండిపోతున్నాయి. దీని కడుపులో పగ ఉంది,” అని చదివి చెప్పాను. పందెపు గుర్రం మూతి దాచుకోవడం కూడా, నిజానికి, గడ్డి తినడానికే అనుకుంటా.

“సార్, కనుపాపలు కదలడం లేదు,” అంది ఆమె, గొంతు అదే పాఠం వరసలో ఉంచి. “పడ్డప్పుడు తల వెనక దెబ్బకి కంటి నరాలు లోపల నలిగి ఉంటాయి. కన్ను బాగానే ఉంది, అక్కడి నుంచి కబురు పోవడం లేదు.”

“బయటికి రా,” అన్నారు పెద్ద సారు. “నెమ్మదిగా.”

సరిగ్గా అప్పుడే జరిగింది. కాపలా మనిషి మంచివాడే. లోపలున్న పిల్లకి సాయంగా ఉందామని, నియమం ప్రకారం చెప్పులు విప్పి, చప్పుడు చేయకుండా అవతలి కటకటాల వైపు నుంచి వచ్చాడు. అతని చేతిలోని తాడు కొస గవ్వ తొడకి తగిలింది.

గవ్వ రెండు వెనకకాళ్ళూ ఎత్తి కొట్టింది. కటకటాల అడుగు చెక్క ఫెళ్ళున చీలింది. అదే ఊపులో ఒళ్ళంతా పక్కకి వచ్చి, ఆమెను గోడకి అదిమేసింది. టార్చి ఎగిరి గడ్డిలో పడింది. ఆమె మొహం గవ్వ భుజానికి నొక్కుకుపోయింది. కదలబోతే గుర్రం ఇంకా గట్టిగా మోపుతోంది. డెక్క ఒకటి ఆమె పాదం పక్కనే గచ్చుని గోకుతోంది.

మాట్లాడాలి. మాట ఆగితే గోడకీ గుర్రానికీ మధ్య తనున్నట్టు గవ్వకి తెలియదు.

“లోపలి చెవిలో,” అంది, ఉన్న కాస్త ఊపిరితో. “మూడు గొట్టాలుంటాయి. తల ఎటు తిరిగిందో… మూడు గొట్టాలు…”

తర్వాతది రాలేదు. బట్టీ పట్టిన పాఠం అక్కడ తెగిపోయింది. “మూడు గొట్టాలు, మూడు గొట్టాలు,” అంటూనే ఉంది. గొంతు పీలగా అయిపోయింది. గవ్వ చెవులు మళ్ళీ వెనక్కి అతుక్కున్నాయి. పెద్ద సారు తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయారు. లోపలికి ఇంకో అడుగు పడితే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

“ఒసేయ్ మొద్దుమొహమా.”

శాల కప్పు అదిరేలా వచ్చింది ఆ గొంతు. మామయ్య రెండు చేతులతో డొక్క పట్టుకుని, సగానికి వంగిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తిడుతున్నాడు.

“సోంబేరీ, ఎవర్ని నొక్కుతున్నావే? నీకు పేరు పెట్టిన పిల్లని నొక్కుతావా? నీకు మేత దండగ, నాడాలు దండగ. చెవులున్నాయా, మార్కెట్‌లో మర్చిపోయి వచ్చావా? జరుగు. ఇటు జరుగు అంటున్నానా?”

గవ్వ ఒళ్ళు గట్టిపడింది. రెండు చెవులూ ఒకేసారి తలుపు వైపు తిరిగాయి.

“జరగవే నా తల్లీ,” అన్నాడు. ఆ మాటకి ఊపిరి చాలలేదు, సగమే వచ్చింది. అయినా చాలింది. ‘జరుగు’ అంటే గవ్వకి తెలుసు. ఇరుకు సందుల్లో, దుకాణాల ముందు, రోజూ విన్న మాట. పక్కకి ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. గోడకీ గుర్రానికీ మధ్య గాలి ఆడింది.

ఆమె గోడ వెంట జారుకుంటూ తలుపు చేరింది. మామయ్య తిట్లు ఆపలేదు. గడియ పడ్డాక కూడా, ఆపితే ఏమవుతుందోనన్నట్టు కాసేపు సాగించాడు. కాపలా మనిషి అవతలి వైపు గోడకి అంటుకుపోయి, తాడు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

“ఆ రోజు దానికి చూపు పోయింది మామయ్యా,” అంది ఆమె, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ. “అదే రోజున నీ గొంతు కూడా పోయింది. చీకట్లో ఎవరో వస్తున్నారు, ముడుతున్నారు, ఎవరో చెప్పరు. కరవక ఏం చేస్తుంది?”

మామయ్య మొహం తుడుచుకున్నాడు. ఉన్న మాటలన్నీ గవ్వకే అయిపోయాయి.

పెద్ద సారు సిరంజీ పళ్ళెంలో పెట్టేశారు. మామయ్యని తిడుతూనే ఉండమని చెప్పి, తనే లోపలికి వెళ్ళి, గడ్డిలోంచి టార్చి తీసుకుని రెండు కళ్ళూ చూసి వచ్చారు. “నిన్న తప్పు నీదొక్కదానిదే కాదమ్మా,” అన్నారు. “నువ్వు చెయ్యి విసురుతుంటే నీ పక్కనే నిలబడి తలూపింది నేను. నోరెత్తవద్దన్న నియమం కూడా నాదే.” తర్వాత మామయ్య వైపు తిరిగారు. “చూపు తిరిగి రావడం కష్టం. వీధిలో బండికి ఇక పనికి రాదు. కానీ తెలిసిన పెరడు, తెలిసిన తొట్టి, తెలిసిన గొంతు ఉంటే ఇలాంటివి నిశ్చింతగా బతికేస్తాయి. తొట్టి చోటు మార్చకూడదు. పలకరించకుండా ముట్టుకోకూడదు. పిల్లలకి కూడా అది నేర్పాలి. ఉంచుకుంటావా, వద్దా? ఇప్పుడు చెప్పు.”

మామయ్య తలుపు మీద చేతులు వేశాడు. ఏం చెబుతాడో ఆమెకి తెలియలేదు. భుజం కొరికించుకున్న అత్తయ్య గుర్తొచ్చింది, లోపల కట్టడి చేసిన పిల్లలు గుర్తొచ్చారు.

“తొట్టి జరపకూడదంటే మీ అత్తయ్యతోనే చిక్కు,” అన్నాడు చివరికి. “ఆవిడకి తోచనప్పుడల్లా ఇంట్లో సామానంతా జరుపుతుంది. నాకే అర్ధరాత్రి మంచం దొరకదు.”

“మరి బండికి?”

“బండికి ఇంకో గుర్రం దొరుకుతుంది లేవే. నేను తిట్టడానికి ఇంకోటి దొరకదు.”

తలకట్టు తాడు ఆయనే వేశాడు, వేస్తున్నంతసేపూ దాని ఏడు తరాలనీ తలుచుకుంటూ. శాల గుమ్మం దగ్గర ఎండలోకి వచ్చాక ఆగారు. అప్పుడు గవ్వ మెల్లిగా తల వంచి, బండాయన భుజం మీద ఆనించి, బరువుగా ఒక నిట్టూర్పు విడిచింది. చూస్తున్నవాళ్ళందరి కళ్ళూ చెమర్చాయి.

ఈ చివరి ముక్క మాత్రం నేను కల్పించింది. నిట్టూర్పూ లేదు, భుజమూ లేదు. పిల్ల డాక్టరు చెప్పినదాని ప్రకారం గుమ్మం దాటగానే గవ్వ ఆయన కాలు తొక్కింది. తొక్కి, తీయకుండా అలాగే నిలబడింది. ఆయన అన్న మాటలు అచ్చులో వేయడానికి వీలుపడక, ఆ చోట నిట్టూర్పు పెట్టాను.